బీరువాలో ఆరు కప్పులు, గూట్లో ఒకటి

గూడూరు దగ్గర పల్లెలో మా అమ్మమ్మ వాళ్ళింట్లో పింగాణీ కప్పులు రెండు చోట్ల ఉండేవి. ముందు గదిలో అద్దాల బీరువాలో ఆరు. అంచుకి బంగారు గీత, సాసర్ల మీద గులాబీలు. వెనక పంచలో, గొడ్ల కొట్టం వైపు గోడకున్న గూట్లో ఒకటి. దానికి పిడి విరిగిపోయింది, లోపల టీ మరక ఎంత తోమినా పోనంతగా పట్టేసింది. బీరువాలో కప్పులు ఆఫీసర్లెవరైనా ఇంటికొస్తే తీసేవాళ్ళు. నాకు తెలిసి రెండుసార్లు తీశారు. గూట్లో కప్పు పాలేరుది. ఆయన అందులో టీ తాగి, బావి దగ్గర తనే కడుక్కుని, మళ్ళీ తనే గూట్లో బోర్లించి వెళ్ళేవాడు. ఇంట్లోవాళ్ళం మేమెవరం ఆ రెండు రకాల కప్పుల్లోనూ తాగలేదు. మాకు స్టీలు గ్లాసులు.

చిన్నప్పుడు నాకు ఇందులో వింతేమీ కనపడలేదు. నలభై దాటాక, ఆదివారాలు హైదరాబాదులో ఒక స్టూడియోకి వెళ్ళి కుమ్మరి సారె మీద మట్టి లేపడం నేర్చుకున్నాక, నా చేతులతో నేను ఒక పింగాణీ కప్పు చేశాక, ఆ గూడు గుర్తొచ్చింది. ఒకే వస్తువుని ఒక చివర నెత్తిన పెట్టుకున్నాం, ఇంకో చివర గుమ్మం బయట పెట్టాం. మధ్యలో మనం బతికే రోజువారీ బతుకులోకి మాత్రం రానివ్వలేదు.

నా వాదన ఏమిటంటే, చేత్తో చేసిన పింగాణీ రోజూ వాడుకోవడానికే ఉంది. పొద్దున కాఫీకి, మధ్యాహ్నం పెరుగన్నానికి, రాత్రి పాలకి. ఇంటికి ఎవరొచ్చినా అదే కప్పు. దాన్ని అలమరలో దాచిపెట్టడం గౌరవం అనుకుంటాం గానీ, చేసిన మనిషికి అంతకన్నా అన్యాయం లేదు.

ముందు ఆ గూటి సంగతి తేల్చాలి. "మట్టి ఎంగిలి పీలుస్తుందే. ఇత్తడీ కంచూ అయితే చింతపండు పెట్టి తోమితే పోతుంది, మట్టికి పోదు" అనేది అమ్మమ్మ. మామూలు కుండ విషయంలో పీల్చడం అనేది నిజమే. తక్కువ వేడిలో కాలిన మట్టిలో కంటికి కనపడని రంధ్రాలు ఉండిపోతాయి. కుండలో నీళ్ళు చల్లబడేది వాటి వల్లే. పింగాణీ సంగతి వేరు. 1,250 డిగ్రీల సెల్సియస్ దాటించి, కొన్నిచోట్ల 1,400 దాకా కాలుస్తారు. ఆ వేడికి లోపలి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కరిగి గాజులా మారి ఖాళీలన్నీ పూడ్చేస్తుంది. గ్లేజు, అంటే పైన మెరిసే గాజు పూత, వెయ్యకపోయినా మంచి పింగాణీ నీళ్ళు పీల్చదు. నీళ్ళే పీల్చనిది ఎంగిలి ఎక్కడ పీలుస్తుంది? ఆ గూట్లో కప్పు విడిగా ఉన్నది మట్టి గుణం వల్ల కాదు. తాగే మనిషి కులం వల్ల. మన పల్లెల్లో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఎన్నేళ్ళు నడిచిందో, దాన్ని తీసెయ్యడానికి ఎందరు దెబ్బలు తిన్నారో మనకి తెలియనిది కాదు. అక్కడా సాకు శుభ్రమే.

ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. పింగాణీకి కావలసినవి ప్రధానంగా మూడు. తెల్లగా కాలే మెత్తటి మన్ను, దాన్నే కెయోలిన్ అంటారు, చైనాలో జింగ్‌డెజెన్ దగ్గరున్న గావోలింగ్ అనే చోటి పేరు మీద వచ్చిన మాట. రెండోది ఫెల్డ్‌స్పార్. మూడోది క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి. మా సైదాపురం మైకా గనుల చుట్టూ ఈ చివరి రెండూ తెల్లగా గుట్టలుగుట్టలుగా పడి ఉండేవి. మేం పిల్లలం కాకిబంగారం ఏరుకుంటూ ఆ గుట్టలెక్కి జారేవాళ్ళం. సిరామిక్ డిప్లొమా చెప్పే ప్రభుత్వ సంస్థ కూడా గూడూరులోనే ఉంది. గోదావరి జిల్లాల వైపు ద్వారకా తిరుమల దగ్గర బంకమన్ను తవ్వుతారు. ఇంత ముడిసరుకు మన కాళ్ళ కింద పెట్టుకుని, పింగాణీ అంటే ఎక్కడో సీమనుంచి ఓడ దిగిన వస్తువు అన్నట్టు బీరువాకి తాళం వేసుకున్నాం.

సారె దగ్గరికొస్తాను. మా మేడమ్ ఏడాదిన్నర దాకా పింగాణీ మట్టి ముట్టుకోనివ్వలేదు. స్టోన్‌వేర్ అనే, పింగాణీ కన్నా గరుకైన మట్టితోనే గిన్నెలు చేయించింది. తర్వాత ఒక రోజు తడిగుడ్డలో చుట్టిన తెల్లటి ముద్ద చేతిలో పెట్టి, "ఇది వెన్న అనుకో, నీళ్ళు తక్కువ వాడు" అంది. నిజంగా వెన్నే. ఇసుక పలుకు ఒక్కటి తగల్దు. ఎర్రమట్టిలో ఉండే ఆ గరుకే చేతికి పట్టు ఇస్తుందని అప్పుడే తెలిసింది. పింగాణీలో ఆ పట్టు ఉండదు. నీళ్ళు కాస్త ఎక్కువయ్యాయా, గోడ మెల్లగా నడుము వంచి కూలబడుతుంది. ఆరబెట్టేటప్పుడు ఫ్యాను గాలి ఒక పక్క తగిలితే చాలు, గుండ్రటి అంచు కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది. అంచు మీద పొరపాటున వేలు ఆనించి, సరిచేశాననుకుని వదిలేస్తే, కాల్చాక ఆ సొట్ట మళ్ళీ బయటికి వస్తుంది. కుమ్మరం పని చేసేవాళ్ళు మట్టికి జ్ఞాపకం ఉంటుందంటారు. పింగాణీకి అది మరీ ఎక్కువ.

నా మొదటి కప్పుకి పిడి నిటారుగా అతికించాను. పెన్సిల్‌తో గీత గీసి, స్కేలు పెట్టి చూసుకుని మరీ అతికించాను. కిల్న్, అంటే మట్టి కాల్చే కొలిమి, తెరిచాక చూస్తే పిడి పక్కకి వాలి ఉంది. ఏదో తప్పు చేశానని ఏడుపొచ్చింది. మేడమ్ నవ్వలేదు, కోప్పడలేదు. సారె తిరుగుతుంటే మనం మట్టిని పైకి లాగుతాం కదా, అప్పుడు గోడ లోపల ఒక మెలిక పడుతుంది, తాడు పేనినట్టు. 1,250 దాటిన వేడిలో మట్టి మెత్తబడినప్పుడు ఆ మెలిక కదులుతుంది, దాంతో పాటు పిడీ కదులుతుంది. టీ కెటిల్ చేసేవాళ్ళు ముక్కు చివరని ముందే కొంచెం ఏటవాలుగా కోస్తారు, కాలాక తిరిగి సరైన చోటికి వస్తుందని. ఎంత తిరుగుతుందో కొలిచి చెప్పేవాళ్ళు లేరు. ఆ మట్టితో, ఆ సారెతో, ఆ చేతులతో పదేపదే చేసి తెలుసుకోవాల్సిందే.

ఒక కప్పు నా చేతికి ఏడుసార్లు వస్తుంది. పిసకడం, లేపడం, అడుగు చెక్కడం, పిడి అతికించడం, మొదటి కాల్పు తర్వాత రుద్దడం, గ్లేజులో ముంచడం, చివరికి అడుగు నునుపు చెయ్యడం. మూడు వారాలు పడుతుంది. పది మొదలుపెడితే ఆరేడు మిగుల్తాయి. ఇంత పడ్డాక ఆ కప్పు ఎవరింట్లోనో అద్దం వెనక కూర్చుంటే, పెదవికి తగలాలని నేను పల్చబరిచిన ఆ అంచు ఎవరి పెదవికీ తగలదు. నా బొటనవేలు పెట్టి చూసుకున్న ఆ చోట ఇంకెవరి బొటనవేలూ ఆనదు. అది సగం చేసిన కప్పే అనిపిస్తుంది నాకు.

పింగాణీని దాచుకునే జబ్బు మనదొక్కరిదే కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. యూరపులో చాలాకాలం దీన్ని చెయ్యడం ఎలాగో ఎవరికీ తెలియలేదు. జర్మనీలోని సాక్సనీ పాలకుడు అగస్టస్, బంగారం చేస్తానని చెప్పుకు తిరిగిన బోట్గర్ అనే కుర్రాణ్ణి నిర్బంధించి, చిర్న్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడి కింద పెట్టి, చివరికి పింగాణీ గుట్టు రాబట్టాడు. 1710లో మైసెన్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. అది చాల్లేదు. 1717లో తన సైనికుల్ని 600 మందిని ప్రష్యా రాజుకి ఇచ్చేసి, బదులుగా 151 చైనా పింగాణీ పాత్రలు తెచ్చుకున్నాడు. ఆ కూజాల్ని ఇప్పటికీ ఆ సైనికుల పేరుతోనే పిలుస్తారు. మనుషుల్ని ఇచ్చి తెచ్చుకున్న గిన్నెలో ఎవరు అన్నం తింటారు? మన అద్దాల బీరువాల వెనక ఇలాంటి రాజుల నీడ ఉంది.

కానీ అదే కాలంలో జపానులో ఇంకో కథ నడిచింది, నాకు ఇదే ఇష్టం. క్యోటో, ఒసాకాల మధ్య యోదో నది మీద పడవల్లో జనం ప్రయాణం చేసేవాళ్ళు. హిరకత దగ్గర చిన్న పడవలవాళ్ళు పక్కకొచ్చి, తిండీ సారా అమ్ముతూ "కురవాంకా" అని అరిచేవాళ్ళు. "తినవా ఏంది?" అన్నంత మోటు మాట. వాళ్ళు వడ్డించే గిన్నెలకి ఆ అరుపే పేరైపోయింది. నాగసాకి ప్రాంతంలోని హసామిలో అవి విరివిగా తయారయ్యేవి. పింగాణీయే, కానీ గోడ మందం, అడుగు పెద్దది, పడవ ఊగినా ఒరగకుండా. పైన నీలి రంగుతో ఒక పువ్వో తీగో, కుంచెతో గబగబా నాలుగు గీతలు. కూలివాడూ తిన్నాడు, వర్తకుడూ తిన్నాడు. పింగాణీ సామాన్యుడి చేతిలోకి వచ్చిన ఘట్టాల్లో అది ఒకటి.

మనకీ అలాంటిది ఒకటుంది. ఇరానీ హోటల్లో తెల్ల కప్పు, సాసరు. మందంగా, బరువుగా, అంచు గుండ్రంగా. రోజుకి ఎన్నిసార్లు కడుగుతారో, ఎన్నిసార్లు రాతి బల్ల మీద ఠప్పున పెడతారో. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగే పెద్దాయనకీ, ఉస్మానియా బిస్కట్ ముంచుకునే కాలేజీ పిల్లకీ ఒకటే కప్పు. హైదరాబాదు గురించి నేను గర్వపడే విషయాల్లో ఈ కప్పు ఉంది.

మరి ఫ్యాక్టరీ కప్పే రోజువారీ పని చేసిపెడుతుంటే చేత్తో చేసినది ఎందుకు? న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు నాకు ఒక మనిషి జీవితంలో దొరికింది.

లూసీ రీ. 1902లో వియన్నాలో పుట్టారు, యూదు డాక్టరు గారింటి పిల్ల. అక్కడే సిరామిక్స్ చదివి, పేరు తెచ్చుకుని, బ్రస్సెల్స్‌లో, పారిస్‌లో పతకాలు అందుకున్నారు. 1938లో నాజీలు ఆస్ట్రియాని మింగేశాక లండన్ వచ్చేశారు. హైడ్ పార్క్ దగ్గర ఆల్బియన్ మ్యూస్ అనే సందులో ఒకప్పటి గుర్రాల కొట్టం అద్దెకి తీసుకున్నారు. కింద స్టూడియో, పైన కాపురం. 1995లో పోయేదాకా అదే ఇల్లు. కొత్త దేశంలో ఆవిడ కుండలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. యుద్ధం రోజుల్లో పొట్టకూటికి సిరామిక్ బొత్తాలు చేశారు, కోట్లకీ గౌన్లకీ కుట్టుకునే బొత్తాలు. వేలకి వేలు. ఆ బొత్తాల అచ్చుల పని చెయ్యడానికే 1946లో హాన్స్ కోపర్ అనే కుర్రాడు వచ్చాడు. అతనూ జర్మనీ నుంచి పారిపోయి వచ్చినవాడే, అప్పటికి మట్టి పని రాదు. తర్వాత ఇరవయ్యో శతాబ్దపు పెద్ద సిరామిక్ కళాకారుల్లో ఒకడయ్యాడు.

యుద్ధం అయ్యాక కూడా బ్రిటన్‌లో రంగులూ పువ్వులూ ఉన్న గిన్నెల్ని దేశంలో అమ్మనిచ్చేవాళ్ళు కాదు. ఆ ఆంక్ష 1952 దాకా నడిచింది. ఆ తెల్లటి బోసి సామాను మధ్యలో వీళ్ళిద్దరూ కాఫీ సెట్లు, టీ కప్పులు, సలాడ్ గిన్నెలు చెయ్యడం మొదలుపెట్టారు. స్టోన్‌వేర్‌లోనూ చేశారు, పింగాణీలోనూ చేశారు. చాలావాటికి బయట ముదురు గోధుమ రంగు, లోపల తెలుపు. కొన్నింటి మీద సూదితో గీసిన సన్నటి గీతలు, వెంట్రుక అంత పల్చన, చుట్టూ వందలు. కుండ మీద సూదితో గీసేటప్పుడు గీత ఒకటి తప్పితే మళ్ళీ చెరపలేం. నేను ప్రయత్నించాను, పన్నెండో గీతకే చెయ్యి వణికింది. అవి మ్యూజియం కోసం చేసినవి కావు. లండన్ దుకాణాల్లో అమ్మి, ఇంటి అద్దె కట్టుకున్న కప్పులు.

పని పద్ధతి కూడా ఆవిడది వేరు. మామూలుగా మట్టిని ఒకసారి కాల్చి, గ్లేజు వేసి, రెండోసారి కాలుస్తారు. ఆవిడ ఎండిన పచ్చి కుండ మీదే కుంచెతో గ్లేజు రాసి, కరెంటు కిల్న్‌లో 1,250 డిగ్రీల దాకా ఒకే ఒక్కసారి కాల్చేవారు. పచ్చి పింగాణీ తడి తగిలితే విచ్చిపోతుంది. ఆ కుంచె చెయ్యి ఎంత తేలికగా ఉండాలో సారె మీద కూర్చున్నవాళ్ళకే అర్థమవుతుంది. అప్పట్లో బ్రిటన్‌లో కుండల పనికి పెద్దాయన బెర్నార్డ్ లీచ్. జపానులో నేర్చుకుని వచ్చి 1920లో సెయింట్ ఐవ్స్‌లో స్టూడియో పెట్టినవాడు. ఆయనకి లూసీ రీ కుండలు మరీ పల్చగా కనపడ్డాయి. కుండ అంటే బరువుండాలి, మందం ఉండాలి అనే పట్టింపు ఆయనది. ఆవిడ కొన్నాళ్ళు ఆయన చెప్పినట్టు చెయ్యాలని చూశారు. కుదరలేదు. నీ చెయ్యి ఏం చెప్తుందో అదే చెయ్యమని కోపర్ పక్కన నిలబడ్డాడు. మళ్ళీ తన పల్చదనానికి తను వెళ్ళిపోయారు.

నా జవాబు ఇక్కడుంది. ఫ్యాక్టరీ కప్పు లక్షమందికి ఒకేలా సరిపోవాలి కాబట్టి ఎవరికీ ప్రత్యేకంగా సరిపోదు. చేత్తో చేసే మనిషి మందం మీద, అంచు మీద, బరువు మీద ఒక నిర్ణయం తీసుకుంటుంది, దానికోసం పెద్దవాళ్ళతో కూడా విభేదిస్తుంది. నువ్వు రోజూ పొద్దున ఆ కప్పు ఎత్తినప్పుడు ఆ నిర్ణయం నీ చేతికి తెలుస్తుంది. రోజూ ఎత్తకపోతే తెలియదు. బొమ్మని కళ్ళతో చూడొచ్చు, పాటని చెవులతో వినొచ్చు, కప్పుని తాగితేనే తెలుస్తుంది.

రెండేళ్ళ కిందట తమ్ముడి దగ్గరికి లండన్ వెళ్ళినప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో లూసీ రీ స్టూడియోని మళ్ళీ అమర్చి పెట్టిన చోటు చూశాను. ఆవిడ సారె ఉంది. కాసేపటికి పక్కన కప్పులు కనిపించాయి. కాఫీ కోసం చేసిన కప్పులు, అద్దం వెనక, లైటు కింద. తనింటికి ఎవరొచ్చినా కాఫీ, కేకు పెట్టకుండా ఆవిడ పంపేవారు కాదని ఆవిడని కలిసినవాళ్ళు చాలామంది రాశారు. ఇప్పుడు వేలంలో ఆవిడ గిన్నెలకి పలికే ధరలు చూస్తే ఇక వాటిలో ఎవరూ తాగరు. మ్యూజియంని నేను తప్పుపట్టను. వాళ్ళు దాచకపోతే నేను చూసేదాన్నే కాదు. కానీ ఆ అద్దం ముందు నిలబడితే నాకు అమ్మమ్మ వాళ్ళ ముందుగది గుర్తొచ్చింది, గొంతు పట్టేసింది. మా తమ్ముడు "అక్కా, పోదాం పద" అని రెండుసార్లు పిలిచాడు.

ఇక మనవాళ్ళ అభ్యంతరాలు. మొదటిది, పగిలిపోతుంది. ఈ మాట చెప్పేవాళ్ళ ఇంట్లోనే అటక మీద జాడీలు ఉంటాయి. మా అమ్మమ్మ ఇంట్లో పింగాణీకి మూడో చోటు అదే. మనం పింగాణీ జాడీ అంటాం గానీ, అసలైతే అది స్టోన్‌వేర్, పింగాణీకి చుట్టం. దాదాపు అంతే గట్టిగా కాలింది, నీళ్ళు పెద్దగా పీల్చదు. పైన గోధుమ రంగు, కింద తెలుపు. వేసవిలో ఆవకాయ కలిపి, జాడీకెత్తి, గుడ్డతో వాసెన కట్టి ఏడాదంతా వాడేవాళ్ళం. ఉప్పూ పులుపూ చాలా లోహాల్ని తినేస్తాయి, జాడీని ఏమీ చెయ్యలేవు. ఆ జాడీల్లో ఒకటి మా అమ్మమ్మ అత్తగారిది. ఇప్పుడు నా వంటింట్లో ఉంది. ముగ్గురాడవాళ్ళు దింపి, ఎత్తి, కడిగి, ఎండబెట్టి వాడితే పగల్లేదు. ఏడాది తిండిని నమ్మి పెట్టుకున్నాం దాన్లో. కాఫీకి నమ్మలేమా? పైగా గట్టిగా కాలిన పింగాణీ పల్చగా ఉన్నా కుండలా పెళుసు కాదు. పగిలితే? పగులుతుంది, నిజమే. నా చేతిలో రెండు పగిలాయి. ఫోను స్క్రీను పగిలితే మళ్ళీ వేయించుకుంటున్నాం, పగులుతుందని ఫోను బీరువాలో పెట్టట్లేదు కదా.

రెండోది ధర. మా స్టూడియో అమ్మకానికి పెట్టినప్పుడు ఒకామె కప్పు కింద 1,200 రూపాయలని చూసి, "ఆన్‌లైన్‌లో ఆరు కప్పుల సెట్టు ఐదొందలకే వస్తుంది కదండీ" అంది. ఆమె తప్పేం లేదు, వస్తుంది. ఆ కప్పుని మూడేళ్ళు రోజూ వాడితే రోజుకి రూపాయి పది పైసలు పడుతుంది. బీరువాలో పెడితే మాత్రం 1,200 పోయినట్టే. ఖరీదైనది కాబట్టి వాడకూడదు అనే లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. ఖరీదైనది కాబట్టే వాడాలి. ఆరు కొనక్కర్లేదు. ఒకటి కొనుక్కుని, మీ కాఫీకి పెట్టుకోండి.

కొనేటప్పుడు మాత్రం చూసి కొనండి. నేనొకసారి చేత్తో చేసిన పింగాణీ అని రాసి ఉంటే నమ్మి ఒక మగ్గు తెప్పించుకున్నాను. వచ్చింది అచ్చులో పోసినది, మీద చేత్తో రంగు పూసినది. మూడు వేలిముద్రలు కావాలని నొక్కారు కూడా, మూడూ ఒకేలా. సారె మీద చేసినదానికి లోపల వేలు పెడితే అడుగు నుంచి పైకి సన్నగా చుట్లు తిరుగుతూ తగుల్తుంది. వెలుతురుకి ఎత్తి వెనకనుంచి వేళ్ళు ఆడిస్తే, పల్చని పింగాణీలోంచి నీడ కదలడం కనపడుతుంది. అడుగున గ్లేజు లేని రింగు నున్నగా ఉండాలి, బల్లని గీయకూడదు. మన తిండిలో పులుపెక్కువ, చారూ పులుసూ పోసుకునే గిన్నె అయితే గ్లేజులో ఏం వాడారని అడగండి. పింగాణీ వేడికి కాలే గ్లేజుకి సీసం అవసరమే లేదు. నిజంగా చేసిన మనిషి ఈ ప్రశ్నకి విసుక్కోదు, సంతోషంగా అరగంట చెప్తుంది.

చేసేవాళ్ళతో కూడా నాకొక పేచీ ఉంది. పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టినప్పుడు చేసినవి రోజూ వాడుకునే స్టోన్‌వేర్ గిన్నెలు, కప్పులు, కెటిళ్ళు. అక్కడ నేర్చుకున్నవాళ్ళు దేశమంతా ఉన్నారు. ఇప్పుడు చాలా స్టూడియోల్లో కొంచెం పేరు రాగానే కప్పులు మానేసి, గోడకి తగిలించేవీ, మూల నిలబెట్టేవీ చేస్తున్నారు. వాటికి ధర వస్తుంది, గ్యాలరీ వస్తుంది. వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు, కప్పు అమ్మి కరెంటు బిల్లు కట్టడం ఎంత కష్టమో మా మేడమ్ దగ్గర చూస్తున్నాను. అయినా అడుగుతాను. ఏడాదికి కొన్నైనా కప్పులు చెయ్యండి. నిలబెట్టే కూజాకి అందంగా ఉంటే చాలు. కప్పు అందంగా ఉండాలి, చెయ్యి కాలకూడదు, పెదవి మీద కారకూడదు, సింకులో దొర్లకూడదు, పక్కన ఇంకో కప్పుతో సర్దుకోవాలి. అన్నిటికన్నా కష్టమైన వస్తువుని చిన్న పని అనుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇంత రాశాక ఒక మాట దాచిపెడితే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మా ఫ్లాటులో పనికొచ్చే అక్కకి రెండేళ్ళ కిందటి దాకా విడిగా ఒక స్టీలు గ్లాసు ఉండేది. గిన్నెల స్టాండు పక్కన, కిటికీ గట్టు మీద. నేనేమీ నియమం పెట్టలేదు. ఆమె ముందు చేసిన ఇంట్లో అలా ఉండేదట, వచ్చిన రోజే తనే ఆ గ్లాసు తీసి గట్టు మీద పెట్టుకుంది. నేను చూశాను, ఏమీ అనలేదు. ఎనిమిదేళ్ళు. అమ్మమ్మ గూటిని తల్చుకుని కళ్ళు తడి చేసుకున్నదాన్ని, నా కిటికీ గట్టుని చూడలేకపోయాను. లండన్ నుంచి వచ్చిన వారానికి ఆ గ్లాసు తీసి మిగతా గ్లాసుల్లో కలిపేశాను. నా కప్పులన్నీ బల్ల మీద వరసగా పెట్టి, "అక్కా, నీకేది కావాలో తీసుకో" అన్నాను.

ఆమె చాలాసేపు ముట్టుకోలేదు. "పగిలితే ఎట్లమ్మా" అంది. పగిలితే ఇంకోటి చేస్తానన్నాను. తర్వాత ఒక్కొక్కటీ ఎత్తి, బరువు చూసి, కింద పెట్టి, చివరికి ఆ పిడి వాలిన కప్పు తీసుకుంది, నా మొదటిది. నేను వద్దన్నాను, అది బాగా రాలేదు, మంచిది తీసుకో అన్నాను. ఆమె పిడిలో వేళ్ళు దూర్చి చూపించింది. ఆమెది ఎడమచేతి వాటం. పక్కకి వాలిన పిడి ఆమె చేతికి సరిగ్గా కుదిరింది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ఆమె ఏ చేత్తో తాగుతుందో చూడలేదు.

ఇప్పుడు పొద్దున పదింటికి ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని తాగుతాం. మొదటి వారం నిలబడే తాగింది. పోయిన మంగళవారం కప్పు కడుగుతూ, "ఇది మంచిగుందమ్మా, కానీ గింత చిన్నగుంటే చాయ్ ఏడ సరిపోతది, ఇంకొంచెం పెద్దది చెయ్యి" అంది. పాత కప్పు ఎత్తు ఏడున్నర సెంటీమీటర్లు. తొమ్మిది ఉంటే సరిపోతుందని చేత్తో చూపించింది. మేం వాడే పింగాణీ మట్టి తడి నుంచి కాలేసరికి నూటికి 13 వంతులు కుదించుకుపోతుంది. తొమ్మిది రావాలంటే సారె మీద పది సెంటీమీటర్ల మూడు మిల్లీమీటర్ల దగ్గర ఆపాలి. పిడి ఈసారి కావాలనే కొంచెం వాల్చి అతికించాలి. ఏ వైపుకి, ఎంత అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఆదివారం మూడు చేసి చూస్తాను.